కొట్టేసిన చెట్టుని దాని బొగ్గుతోనే గీయడం

"ప్రకృతి నాశనం" అని పెద్ద బొమ్మ వేద్దామని కూర్చుంటే వచ్చేది ఒక మోడు, కింద బీటలు వారిన నేల, అంతే, అందరూ వేసేదే. దానికన్నా మీకు బాగా తెలిసిన ఒక్క చెట్టుని తీసుకోండి, మొన్నటిదాకా నిలబడి ఉండి ఇప్పుడు మొద్దు మాత్రం మిగిలినదాన్ని.

ముందు మొద్దు మీది రంపపు పొట్టు బ్రష్‌తో దులిపేయండి. పల్చటి కాగితం పరిచి, కదలకుండా టేప్ వేసి, మైనపు క్రేయాన్‌ని అడ్డంగా పట్టుకుని మెల్లగా రుద్దితే వలయాలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఇరుగ్గా ఉన్నవి ఆ చెట్టు సరిగ్గా పెరగలేకపోయిన ఏళ్లు. కొన్ని జాతుల్లో వలయాలు స్పష్టంగా ఉండవు, రంపం గీతలే వస్తాయి. రానివ్వండి, జరిగింది కూడా అదేగా.

ఇక బొగ్గు. పడి ఉన్న కొమ్మల్లో వేలు లావువి ఏరి, బెరడు తీసి, బాగా ఎండబెట్టి, మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో కుక్కండి. మూతకి మేకుతో ఒక చిన్న బెజ్జం పెట్టి ఆరుబయట మంటలో పెట్టండి. బెజ్జంలోంచి పొగ రావడం ఆగిపోతే అయిపోయినట్టే. కానీ వెంటనే మూత తీయకండి, గాలి తగిలితే లోపలున్నదంతా అంటుకుని బూడిదవుతుంది (తొందరపడి నేనొక డబ్బా అలాగే పోగొట్టుకున్నాను). పూర్తిగా చల్లారాక తీసి, ఆ బొగ్గుతోనే చెట్టుని గుర్తున్నంత వరకు గీయండి. గుర్తులేని కొమ్మని కల్పించకండి, అక్కడ ఖాళీ వదిలేయండి.

ఇక్కడితో ఆపితే ఏడుపు ఒక్కటే మిగులుతుంది. జర్మనీ కళాకారుడు జోసెఫ్ బాయిస్ 1982లో కాసెల్ నగరంలో 7000 చెట్లు నాటించే పని మొదలుపెట్టి, ప్రతి చెట్టు పక్కనా ఒక బసాల్ట్ రాయి నిలబెట్టించాడు. 1986లో ఆయన పోయాడు, ఆఖరి చెట్టుని 1987లో కొడుకు నాటాడు. రాయి ఎప్పుడూ అంతే ఉంటుంది, చెట్టు పెరుగుతుంది, కిటుకంతా అదే. మీరూ ఆ జాతి మొక్కే ఒకటి నాటి, పక్కన మోకాలెత్తు రాయి పెట్టండి. ఏడాదికోసారి ఒకే చోట నిలబడి, మిగిలిన బొగ్గుతో రెండింటినీ కలిపి గీయండి. మొదట్లో బొమ్మలో రాయే కనిపిస్తుంది.