బేస్ గిటార్ల గుయ్యిమనే హమ్ము ఎట్ల పోయిందంటే

మాది నల్లగొండ, పెళ్ళిళ్ళకు, గణేష్ మండపాలకు వాయించే చిన్న బ్యాండ్, నేను బేస్. ఆంప్ (సౌండు పెంచే ఆంప్లిఫయర్) ఆన్ జేస్తే చాలు గుయ్యిమని ఒకటే హమ్ము, తీగలు వట్టుకున్నా పోదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, హమ్ము గూడ దాని నుంచే వస్తది, లావు తీగ మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) మీద జీ నోటు 49, దాదాపు అంతే, అందుకే జీ శ్రుతిల ఉన్న పాటలల్ల అంతగ తెల్వకపోతుండె, మిగతా పాటలు రాంగనే కీబోర్డ్ అన్న నా దిక్కే చూస్తుండె.

కేబుల్ మార్చినా అదే కథ. ఒకసారి కేబుల్ ప్లగ్గు ఇనుము మీద వేలు వెట్టిన, టక్కున ఆగింది! తీగలు ముట్టుకుంటే ఆగకుండ ప్లగ్గు ముట్టుకుంటే ఆగిందంటే బ్రిడ్జి (గిటారు మీద తీగల కొసలు కట్టే ఇనుప ముక్క) కిందికి వొయ్యే గ్రౌండ్ వైరు (తీగలను ఎర్త్‌కు కలిపే వైరు) మీదనే అనుమానం. మల్టీమీటర్ కంటిన్యుటీల (వైరు కలిసుంటే బీప్ కొట్టే సెట్టింగుల) వెట్టి ఒక కొస బ్రిడ్జికి, ఇంకోటి ప్లగ్గు బయటి భాగానికి ఆనిస్తే బీప్ రాలె. తీగలు లూజ్ జేసి బ్రిడ్జి స్క్రూలు ఇప్పితే వైరు కొసకు ఆకుపచ్చగ చిలుం వట్టి ఉంది. ఆ ముక్క కోసేసి, కొత్తగ ఒలిచి, పోగులు విసనకర్ర లెక్క పరిచి బ్రిడ్జి కింద బిగించిన, బీప్ వచ్చింది.

కొందరు ఆంప్ ఎర్త్ పిన్ను తీసేయమంటరు, అస్సలు జేయకుండ్రి, తీగలు వట్టుకొని మైకుకు మూతి తాకితే షాక్ కొట్టొచ్చు, జనరేటర్ మీద నడిచే ఊరి ప్రోగ్రాంలల్ల ఇంకా డేంజర్. బ్రిడ్జి బిగించినంక ట్యూనింగ్, ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్ల మీద శ్రుతి సరిగ్గ పలుకుడు) మల్ల చూసుకోవాలె. ట్యూబ్ లైట్ పక్కన నిలవడితే సింగిల్ కాయిల్ పికప్‌ల (తీగల కింద ఒకే చుట్ట ఉండి సౌండు పట్టే భాగంల) కొంచెం హమ్ము ఇంకా వస్తది, దానికి ఈ వైరుతోని సంబంధం లేదు.