సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు: అపార్ట్‌మెంట్ వైఫై తిప్పలు

సమస్య: పొద్దున్న బానే ఉంటది, రాత్రి ఎనిమిదయ్యేసరికి గీతలన్నీ నిండుగానే ఉంటాయి కానీ వీడియో అలా గిర్రున తిరుగుతూనే ఉంటది. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్లో రోజూ ఇదే గోల, కేబులతన్ని రెండుసార్లు పిలిపించి కేకలేశా కూడా, పాపం తప్పు అతనిది కాదు.

ముందు మీ రౌటర్‌కి పింగ్ పెట్టి చూడండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలవడం (రౌటర్ అడ్రస్ చాలావాటికి 192.168.1.1). అక్కడ 2, 3 మిల్లీసెకన్లే వస్తూ బయట నెట్ మాత్రం పాకుతుంటే లైన్ ప్రాబ్లం. రౌటర్‌కే ఓసారి 5, ఓసారి 300 వస్తుంటే గొడవంతా గాల్లోనే, అంటే వైఫైలోనే.

కారణం: వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి అందరూ అందులోనే. ఆ బ్యాండ్‌ని చానెళ్ళుగా విడగొట్టారు, చానెల్‌కీ చానెల్‌కీ మధ్య 5 మెగాహెర్ట్జే, వైఫైకేమో సుమారు 20 కావాలి, అందుకే 1, 6, 11 వాడమంటారు. నేను పక్కింటాయన 6లో ఉన్నాడని తెలివిగా 4 పెట్టా, ఇంకా నాశనమైంది! ఒకే చానెల్లో ఉంటే రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులేసుకుంటాయి, 4లో ఉన్న నాది 6 వాళ్ళకి ఉత్త రొద, రెండూ ఒకేసారి మాట్లాడేసి ప్యాకెట్లు (డేటా ముక్కలు) పాడైతే మళ్ళీ పంపుకోవాలి.

పరిష్కారం: ఏ చానెల్లో ఎంత రద్దీ ఉందో చూపించే వైఫై ఎనలైజర్ యాప్ ఫోన్లో వేసి రాత్రి పూటే చూడండి, మధ్యాహ్నం చూస్తే అంతా ఖాళీగానే కనపడద్ది. 1, 6, 11లో తక్కువ రద్దీ ఉన్నది రౌటర్ సెట్టింగ్స్‌లో పెట్టి, చానెల్ విడ్త్ (వెడల్పు) 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20 చెయ్యండి. టీవీ, లాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేయండి, చానెల్ 36 గానీ 149 గానీ.

5 గిగాహెర్ట్జ్‌లో నెట్ ఉన్నట్టుండి నిమిషం పోయి వస్తోందా? చానెల్ 52 నుంచి 144 మధ్యలో ఉన్నారేమో చూసుకోండి, అక్కడ రాడార్ లాంటిది వినపడితే రౌటర్ చానెల్ వదిలెయ్యాలని రూల్, అలాంటి ఇంకో చానెల్‌కి వెళ్తే మొదలయ్యే ముందు కనీసం 60 సెకన్లు వింటది. అలాగని వైజాగ్ కదా అని హార్బర్‌లో ఓడల మీదికి తోసెయ్యకండి, వాటి మామూలు రాడార్లు 3, 9 గిగాహెర్ట్జ్ దగ్గరుంటాయి.

కూర వేడిచేసినప్పుడే పోతే మైక్రోవేవ్. రౌటర్ పక్కన యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ ఉంటే అదీ దూరం జరపండి, అది కూడా 2.4లో రొద చేస్తది.

మా ఫ్లోర్లో నాలుగిళ్ళకి 1, 6, 11 పంచేసుకున్నాం, నాలుగో ఇంటికి మళ్ళీ 1, ఆ చివరా ఈ చివరా కాబట్టి సర్దుకుంటది. కింద ఫ్లోర్ మాస్టారు మాత్రం విడ్త్ 40 తియ్యనంటున్నారు, స్పీడ్ సగమైపోద్దంట.