యూనిట్ల లైబ్రరీ రివ్యూకు వస్తే ముందు తప్పుడు లెక్కలు ఇవ్వండి

భౌతిక కొలతల లైబ్రరీ, అంటే అంకెలను యూనిట్లతో సహా లెక్కగట్టే రెడీమేడ్ కోడ్, చేతికి రాగానే చాలామంది మీటర్లను అడుగుల్లోకి మార్చి చూస్తారు. అది ఎలాగూ వస్తుంది. నేను మీటర్లకు సెకన్లు కలుపుతాను. కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ అక్కడే ఆపేయాలి. ఆపాక ఏమంటుందో చదవండి. ఒక్క లైనులో విషయం చెప్పిందా, లైబ్రరీ లోపలి టెంప్లేట్ల (కోడ్ అచ్చుల) పేర్లతో స్క్రీనంతా నింపిందా? రెండోదైతే రివ్యూలో రాయండి. రాసినవాళ్లకు నచ్చదు, అయినా రాయండి.

తర్వాత ఉష్ణోగ్రత. చెన్నైలో మే మధ్యాహ్నం బయట 40 డిగ్రీల సెల్సియస్, ఏసీ గదిలో 25. ఆ 40 కెల్విన్‌లో 313.15 కావాలి. తేడా 15 మాత్రం కెల్విన్‌లోనూ 15గానే ఉండాలి. 40కి 25 కలపమనీ అడగండి. రెండు ఉష్ణోగ్రతలను కలపడానికి అర్థం లేదు, కాబట్టి 65 అని జవాబొస్తే డిజైన్‌లోనే లోపం ఉన్నట్టు.

నాకిష్టమైన పరీక్ష చెన్నైకి కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగు గంగది. కండలేరు రిజర్వాయర్ నుంచి పూండి రిజర్వాయర్‌కు వచ్చే నీళ్లను పేపర్లు టీఎంసీల్లో, క్యూసెక్కుల్లో రాస్తాయి కదా. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. పెరుంగుడి ఆఫీసులో మా నెల్లూరు కుర్రాడు 'ఇదేం టెస్టన్నా' అని నవ్వాడు గానీ, దీంట్లో చాలా బయటపడతాయి. టీఎంసీ యూనిట్ మామూలుగా లైబ్రరీలో ఉండదు, మనమే నిర్వచించుకోవాలి. డాక్యుమెంటేషన్ చూసి చేయగలిగారా, సోర్సు తవ్వాల్సి వచ్చిందా, రాసుకోండి. ఒక టీఎంసీని ఒక రోజుతో భాగిస్తే దాదాపు 11,574 క్యూసెక్కులు రావాలి. అదే టీఎంసీ లీటర్లలో 2,831 కోట్ల పైచిలుకు. కోడ్‌లో మామూలుగా వాడే 32 బిట్ల ఇంటిజర్‌లో (పూర్ణాంకంలో) పట్టేది 214 కోట్ల చిల్లరే. అక్కడ కిక్కురుమనకుండా చెత్త అంకె ఇచ్చే లైబ్రరీకి నేను ఓకే చెప్పను.

న్యూటన్ మీటర్ టార్కూ (తిప్పే బలమూ) అవుతుంది, శక్తిని కొలిచే జౌలూ అవుతుంది. రెంటినీ విడదీయకపోయినా పర్లేదు, ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో ఉంటే చాలు. గాలన్ అంటే అమెరికాదా, బ్రిటన్‌దా అన్నదీ అంతే.

1999లో పోయిన నాసా అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పేరు ఇలాంటి లైబ్రరీల రీడ్‌మీల్లో (పరిచయ ఫైళ్లలో) తరచూ కనిపిస్తుంది. అక్కడ అంకెలు ఒక ప్రోగ్రామ్ రాసిన ఫైల్లోంచి ఇంకో ప్రోగ్రామ్‌కు వెళ్లాయి. రాసింది పౌండ్-ఫోర్స్ సెకన్లలో, చదివింది న్యూటన్ సెకన్లనుకుని. కాబట్టి విలువను ఫైల్లో సేవ్ చేసి, మళ్లీ చదవండి. యూనిట్ రాలిపోయి ఒట్టి అంకె మిగిలిందంటే, లోపల ఎంత కట్టుదిట్టం చేసినా ఆ ప్రమాదాన్ని ఆపడం ఆ లైబ్రరీ వల్ల కాదు.

ఫెయిలైన ప్రతి లెక్కనూ నడిచే కోడ్‌గా జతచేయండి, కంపైలర్ వెర్షన్‌తో సహా. పేర్ల పంచాయితీ ఆఖరికి పెట్టుకోండి. 'మీటర్' అనాలా 'మీటర్స్' అనాలా అని మొదలైతే ఇక తెమలదు.