కీమోకి బయలుదేరే ముందు: వాంతుల విషయంలో జాగ్రత్తలు

శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లి, కీమో (క్యాన్సర్‌కి ఇచ్చే మందులు) పెట్టించుకుని అదే రోజు తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. తోడు వెళ్లేవాళ్లు ముందురోజు రాత్రే ఇవి చూసుకోండి.

• అన్నిటికన్నా ముఖ్యం వాంతుల మాత్ర. వాంతి వచ్చాక కాదు, రాకముందే వేసుకోవాలి. ఒండాన్‌సెట్రాన్ లాంటివి కీమోకి అరగంట, గంట ముందు ఇస్తారు. ఇంటికొచ్చాక "బాగానే ఉంది కదా" అని మానేయకండి. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులతో వికారం మర్నాడు మొదలై, రెండో మూడో రోజు ముదరవచ్చు. చీటీలో రాసినన్ని రోజులూ వేయాల్సిందే. వాంతుల మాత్రతో మలబద్ధకం రావచ్చు, దానికేం వాడాలో డాక్టరుని ముందే అడగండి.

• ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు. రెండు ఇడ్లీలో, పల్చటి చోడి అంబలో చాలు. బాగా ఇష్టమైన కూర ఆరోజు పెట్టకండి. తర్వాత దాని వాసనే పడకుండా పోవచ్చు.

• బస్సులో కిటికీ పక్క సీటు, ప్లాస్టిక్ కవర్లు, మంచినీళ్లు, ఓఆర్ఎస్, కాసిని మరమరాలు.

• కీమో అయ్యాక ఓ నాలుగు రోజులు ఇంట్లో ఎండుచేపలు వేయించొద్దు, పోపు ఘాటు తగలనివ్వొద్దు. రోజూ వండే మనిషే పేషెంటు అయితే వంట ఇంకొకరు చేయాలి. ఇందులో మొహమాటం వద్దు.

• వాంతి శుభ్రం చేసేవాళ్లకు గ్లౌజులు, కీమో అయ్యాక కనీసం 48 గంటలు.

• ఆస్పత్రి ఫోన్ నంబరు గోడమీద రాసిపెట్టండి. రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, వాంతిలో రక్తం కనిపించినా, జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా అర్ధరాత్రయినా సరే ఫోన్ చేయండి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామని ఆగొద్దు.