పచ్చి రొయ్యతో ప్రోటీన్ నిర్మాణాన్ని పరిశీలించడం ఎలా?

ప్రోటీన్‌కు ప్రాథమిక, ద్వితీయ, తృతీయ, చతుర్థ నిర్మాణాలు ఉంటాయని ఇంటర్ విద్యార్థులు చదువుకుంటారు గాని, ఆ నిర్మాణం చెదిరితే ఏమవుతుందో కళ్ళారా చూసే అవకాశం వారికి అరుదు. రొయ్యల గుంటలు విస్తారంగా ఉన్న నెల్లూరు తీర మండలాల్లో మాత్రం ఆ అవకాశం వంటింట్లోనే ఉంది.

మొదట తాజా వెనామీ రొయ్యలు నాలుగు తెచ్చి, రెండింటిని పెంకుతోనే ఉంచి, మిగిలిన రెండింటిని వలిచి పెట్టుకోవాలి. పెంకుతో ఉన్నవాటి రంగును వెలుతురులో జాగ్రత్తగా గమనించండి. నీలి ఛాయ కలిసిన ఆ బూడిద రంగు ఒక ప్రోటీన్ పనితనం. మేత ద్వారా రొయ్యకు చేరే ఆస్టాజాంథిన్ నిజానికి ఎర్రని వర్ణకం. క్రస్టాసయానిన్ అనే ప్రోటీన్ దాన్ని తన మడతల మధ్య బిగించి పట్టుకోవడం వల్ల అది గ్రహించే కాంతి మారి, మనకు నీలిగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక పెంకు రొయ్యను చల్లని నీళ్ళలో వేసి, సన్నని సెగ మీద పెట్టి, నీళ్ళు కాగే కొద్దీ రంగు మారే తీరును చూడాలి. రెండోదాన్ని పోలిక కోసం పచ్చిగానే పక్కన ఉంచండి. ప్రోటీన్‌లో ఇరవై రకాల అమైనో ఆమ్లాలు పెప్టైడ్ బంధాలతో వరుసగా కలిసి ఉంటాయి. ఆ వరుసే ప్రాథమిక నిర్మాణం. నీళ్ళ వేడికి ఆ బంధాలు తెగవు. గొలుసును మడిచి ఉంచే హైడ్రోజన్ బంధాల వంటి బలహీనమైన ఆకర్షణలే సడలుతాయి. మడత విప్పుకోగానే పట్టు తప్పిన ఆస్టాజాంథిన్ తన సహజమైన ఎరుపును చూపుతుంది. ఈ ప్రయోగంలో అన్నిటికంటే శ్రద్ధగా అర్థం చేసుకోవలసింది ఇదే: వరుస చెక్కుచెదరకపోయినా, ఆకారం పోతే పని కూడా పోతుంది.

గొలుసు తన ఇష్టం వచ్చినట్టు మడత పడదు. గొలుసులోని బంధాలు తిరగడానికి ఏ కోణాలు సాధ్యమో, ఏవి సాధ్యం కావో 1963లో లెక్కగట్టి చూపిన శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్ బృందం మనకు పొరుగునే ఉన్న మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసింది. ఈ సంగతి మన పిల్లలకు తప్పక చెప్పాలి.

తరువాత వలిచిన రొయ్య ఒకదాన్ని గాజు గిన్నెలో ఉంచి, పొదలకూరు నిమ్మకాయల రసాన్ని అది మునిగేలా పిండి, ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టాలి; రెండోదాన్ని మంచినీళ్ళలో అంతసేపే ఉంచాలి. నిమ్మరసంలోని రొయ్య కండ పారదర్శకత పోయి తెల్లబడుతుంది. ఆమ్లం వల్ల ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాల రుణావేశం తగ్గి, లైసిన్ వంటి ధనావేశపు అమైనో ఆమ్లాలతో వాటికున్న ఆకర్షణ సడలడం ఇందుకు ఒక కారణం. అలా విప్పుకున్న గొలుసులు ఒకదానికొకటి అంటుకొని గట్టిపడతాయి. చూడడానికి ఉడికినట్టున్నా ఇందులో క్రిములన్నీ చనిపోవు కనుక, దీన్ని తినకూడదు.

చివరగా ఉడికిన రొయ్యను చల్లార్చి పచ్చిదాని పక్కన పెట్టి చూస్తే, నీలి ఛాయ తిరిగి రాలేదని తెలుస్తుంది. అయితే అన్ని ప్రోటీన్లూ ఇలాగే ఉండవు. 124 అమైనో ఆమ్లాలున్న రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ను రసాయనాలతో పూర్తిగా విప్పి, ఆ రసాయనాలను తొలగిస్తే అది తనంతట తానే మడత పడి మళ్ళీ పనిచేస్తుందని క్రిస్టియన్ ఆన్‌ఫిన్‌సెన్ నిరూపించారు. ఆ కృషికి 1972లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.