ఛెనా, అనాసపండుతో గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్: నీళ్లు కారకుండా, చేదెక్కకుండా

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో పొద్దున్నే మిఠాయి కొట్టుకి వెళ్తే వెడల్పాటి బేసిన్‌లో తడిగుడ్డ కప్పిన ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి నీళ్లు తీసిన మెత్తటి ముద్ద ఉంటుంది, చెయ్యి పెడితే ఇంకా గోరువెచ్చగా తగులుతుంది. రసగుల్లాకో, ఛెనాని కాల్చి చేసే మిఠాయి ఛెనాపోడకో పోవాల్సిన ఆ ఛెనాని నేను పావుకిలో కొని తెచ్చుకుని బ్రెడ్డు మధ్యలో పెట్టి కాలుస్తాను. మొదట్లో కొట్టాయన "ఏం స్వీటు చేస్తారమ్మా?" అని అడిగేవాడు, శాండ్‌విచ్ అని చెబితే నమ్మలేదు. ఇప్పుడు నన్ను చూడగానే "మీకు నీళ్లు తీసింది ఇవ్వాలి కదా" అని అడుగునుంచి తీసి ఇస్తాడు. ఆయనకి అర్థమైపోయింది, ఈ వంటలో అసలు పనంతా నీళ్లు తీయడమే అని.

విదేశాల వాళ్లు ఇదే శాండ్‌విచ్‌ని బ్రీ అనే మెత్తటి ఫ్రెంచి చీజ్‌తో, పియర్ పండుతోనో అంజీరతోనో చేసుకుంటారు. చాలా బావుంటుంది, కాదనను. కానీ దానికోసం విశాఖపట్నమో భువనేశ్వరో వెళ్లే వాళ్లకి లిస్టు రాసి ఇవ్వాల్సిన పని లేదు. మెత్తటి చీజ్ అంటే మనకి ఛెనా ఉంది, పండు అంటే వానాకాలంలో బండ్ల మీద గుట్టలుగా పోసిన అనాస ఉంది, జీడిపప్పు పక్కనే పలాస నుంచి వస్తుంది. ఒక్కటే తేడా, బ్రీతో చేస్తే కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది, ఛెనా అలా కాదు, దాని సంగతి తెలిసి చెయ్యాలి.

నాకు తెలియక చేసిన మొదటిసారి ఏమైందో చెప్తాను. రాత్రే పని అయిపోతుందని పచ్చి అనాసని సన్నగా తరిగి ఛెనాలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టేశాను. పొద్దున్న బ్రెడ్డులో పెట్టి పెనం మీద కాల్చి మా పాప టిఫిన్ బాక్సులో సర్దాను. సాయంత్రం బాక్సు సగం మిగిలి వచ్చింది. "చేదుగా ఉందమ్మా" అంది. మూత తీస్తే అడుగున నీళ్లు, బ్రెడ్డు ముద్దయిపోయి ఉంది. పాలు మంచివి కావేమో అని రెండు రోజులు పాలవాడి మీద అనుమానపడ్డాను, పాపం ఆయన తప్పేమీ లేదు. పచ్చి అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది, పాల ప్రోటీన్ అలా ముక్కలైతే చేదు వస్తుంది. మాంసం త్వరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం చూడండి, సరిగ్గా అదే పని. అలాంటి అనాసని, ఛెనాని నేను రాత్రంతా కలిపి ఉంచాను. బాగా వేడి తగిలితే ఈ ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది కాబట్టి అనాసని ముందు విడిగా కాల్చాలి, ఆ తరవాతే ఛెనా పక్కన పెట్టాలి. ఇది తప్పించుకునే దారి లేదు.

ఇద్దరికి రెండు శాండ్‌విచ్‌లు అనుకుని లెక్క చెప్తాను. ఒక లీటరు ఆవుపాలు, ఒక నిమ్మకాయ, నాలుగు బ్రెడ్డు ముక్కలు, బాగా పండిన అనాస చక్రాలు రెండు, కరిగే చీజ్ స్లైసులు రెండు, ఆరేడు జీడిపప్పులు, ఒక పచ్చిమిరపకాయ, మిరియాలు, ఉప్పు, చెంచా తేనె, నెయ్యి. అంతే.

ఛెనా కొట్లో దొరికితే సగం పని తప్పినట్టే. ఇంట్లో చేస్తే మాత్రం ఆవుపాలతోనే చేయండి, గేదెపాల ఛెనా గట్టిగా, పలుకుగా వస్తుంది, బ్రెడ్డు మీద పూసుకోవడానికి రాదు. పాలు పొంగు వచ్చాక స్టవ్ ఆపేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. మరుగుతున్న పాలల్లో నిమ్మరసం పోస్తే విరిగిన ముద్ద రబ్బరులా అవుతుంది. నిమ్మరసంలో అన్ని నీళ్లు కలిపి, చెంచా చెంచాగా పోస్తూ మెల్లగా కలపండి, గబగబా గరిటె తిప్పకండి. తెల్లటి గుంపులు ఒకవైపు, లేత పచ్చటి నీళ్లు ఒకవైపు విడిపోగానే ఆపేయాలి, నిమ్మకాయ ఇంకా సగం మిగిలి ఉన్నా సరే ఆపేయాలి. పల్చటి గుడ్డలో వడకట్టి, పులుపు పోయేలా మీద చన్నీళ్లు పోసి, మూట కట్టి కుళాయికి వేలాడదీయండి. ఆ పచ్చ నీళ్లు పారబోయకండి, చపాతీ పిండి కలిపితే చపాతీలు మెత్తగా వస్తాయి, మా అత్తగారైతే చారులో పోసేస్తారు.

అరగంట వేలాడాక మూట విప్పి చూడాలి. ఇక్కడ తొందర వద్దు. నిమ్మకాయంత ఛెనా తీసుకుని పిడికిట్లో గట్టిగా నొక్కండి. వేళ్ల సందుల్లోంచి నీటి చుక్క వస్తే ఇంకో పది నిమిషాలు కట్టండి. చుక్క రాకుండా, అరచేతికి మాత్రం చెమ్మ అంటితే సరిగ్గా ఉన్నట్టు. నొక్కితే ముద్దవకుండా పొడిపొడిగా విడిపోతే ఎక్కువ ఆరిపోయిందని అర్థం, దానికి ఒక చెంచా మీగడ కలిపితే దారికొస్తుంది. తరవాత పళ్లెంలో వేసి మణికట్టు దగ్గరి అరచేతితో ఒక నిమిషం సాగదీస్తూ రుద్దండి. రసగుల్లాకి రుద్దినట్టు అయిదారు నిమిషాలు అక్కర్లేదు, పలుకులు పోయి వెన్నలా పరుచుకుంటే చాలు. ఇందులో ఉప్పు, దంచిన మిరియాలు, గింజలు తీసి సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కచ్చాపచ్చాగా దంచిన జీడిపప్పు కలపండి. ఉప్పు చివర్లోనే కలపాలి, ముందే కలిపి ఉంచితే మళ్లీ నీళ్లు వదులుతుంది.

ఛెనా ఒక్కటే పెడితే సరిపోదా అని మా వదిన అడిగింది. సరిపోదు, ఎందుకంటే ఛెనా కరగదు. పులుపు వేసి విరగ్గొట్టిన పాలల్లో ప్రోటీన్‌ని పట్టి ఉంచే కాల్షియం చాలావరకు నీళ్లల్లోకి పోతుంది, ఇక వేడి చేసేకొద్దీ ఆ ప్రోటీన్ ఒకదానికొకటి బిగుసుకుంటుందే గాని కరిగి సాగదు. పనీర్ కూర ఎంత మరిగినా ముక్క ముక్కగానే ఉండేది అందుకే. కాబట్టి బ్రెడ్డుకి, ఛెనాకి మధ్య జిగురులా పనిచేయడానికి ఒక కరిగే చీజ్ ఉండాలి. కిరాణా కొట్లో దొరికే మామూలు ప్రాసెస్డ్ చీజ్ స్లైస్ బాగా పనికొస్తుంది, నూనె, నీళ్లు విడిపోకుండా కరగడానికి కావాల్సిన లవణాలు దాంట్లో ముందే ఉంటాయి. సాగుతూ ఉండాలి అనుకుంటే మొజరెల్లా తురుము వాడండి. ఒక్కొక్క శాండ్‌విచ్‌కి ఒక స్లైసే, రెండు పెడితే ఛెనా రుచి మునిగిపోతుంది.

ఇక అనాస. కాయ అడుగు భాగం వాసన చూసి కొనండి, అక్కడ తియ్యటి వాసన రాకపోతే ఎంత పసుపుపచ్చగా మెరిసినా వద్దు. చెక్కు తీసి, కళ్లన్నీ ఏరి, అర సెంటీమీటరు మందాన చక్రాలు కోసి, మధ్యలో గట్టి మొద్దు తీసేయండి. గుడ్డతో అద్ది తడి తీయండి. అట్లపెనం బాగా కాలాక, నూనె గాని నెయ్యి గాని వేయకుండా చక్రాలు పరిచి వదిలేయండి. ముందు చుర్రుమని గట్టిగా అంటుంది, అంచుల్లో రసం బుడగలు కడుతుంది, రెండు నిమిషాలకి ఆ చప్పుడు తగ్గి చిటపటలోకి దిగుతుంది, అప్పుడు రసం ఎగిరిపోయి చక్కెర మాడటం మొదలైందన్నమాట. తిప్పితే కింద గోధుమరంగు మచ్చలు కనిపించాలి. రెండోవైపు కూడా అలాగే కాల్చి, దించే ముందు తేనె రాసి పళ్లెంలోకి తీసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడివేడిగా ఛెనా మీద పెడితే ఆవిరి పట్టి మళ్లీ తడైపోతుంది.

అనాస లేని రోజుల్లో ఏం పెట్టాలి? ఎండాకాలంలో దోర మామిడి, బాగా పండింది కాదు, దోరది, పలచగా కోసి ఇలాగే ఒకసారి పెనం మీద తిప్పాలి. చలికాలంలో దోర జామ, గింజల భాగం తీసేసి, దానికి పచ్చిమిర్చి బదులు కారం, వేయించిన జీలకర్ర పొడి బాగా కుదురుతాయి. అరటిపండు పిల్లలకి నచ్చుతుంది గాని నాకు మరీ మెత్తగా అనిపిస్తుంది. సీతాఫలం మాత్రం వద్దు, గుజ్జు వేడెక్కితే చేదు తిరుగుతుంది. అంత మంచి పండుని చేతులారా పాడు చేసుకోవద్దు.

బ్రెడ్డు నిన్నటిది కావాలి. ఆ రోజు తెచ్చిన తాజా బ్రెడ్డు నొక్కితే అప్పచ్చిలా అణిగిపోతుంది. బేకరీ బ్రెడ్డులో తీపి ఎక్కువగా ఉంటే త్వరగా మాడుతుంది, దానికి మంట ఇంకా తగ్గించాలి. వెన్న కన్నా నెయ్యి మేలని నా అనుభవం, వెన్నలో నూటికి పదహారు పాళ్ల దాకా నీళ్లుంటాయి, పైగా అందులోని పాల పదార్థం ముందే నల్లబడుతుంది. నెయ్యికి ఆ బాధ లేదు, వాసన సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక పని చెప్తాను, చాలామంది ఇది చేయరు. నాలుగు ముక్కలకీ ఒకవైపు మాత్రం నెయ్యి రాసి, ఆ వైపు పెనం మీద లేత రంగు వచ్చేదాకా కాల్చండి. ఆ కాల్చిన వైపు లోపలికి వస్తుంది. కాలిన పొర గోడలా నిలబడి ఛెనా చెమ్మని బ్రెడ్డులోకి పోనివ్వదు. దాని మీద ముందు చీజ్ స్లైసు, దాని మీద ఛెనా అంచుల దాకా పరచాలి, మధ్యలో గుట్ట పోయకూడదు, ఆ పైన అనాస చక్రం, పైనుంచి రెండో బ్రెడ్డు. కింద పైన బయటివైపు నెయ్యి పల్చగా రాయండి.

పెనం చల్లగా ఉన్నప్పుడే శాండ్‌విచ్ పెట్టి సన్న మంట వెలిగించండి. బ్రెడ్డు రంగు తేలేలోపు లోపలి చీజ్ కరగాలి, పెద్ద మంట పెడితే పైన నలుపు, లోపల చలవ. మీద ఒక చిన్న గిన్నె బోర్లించి దాని మీద చెంబెడు నీళ్లు బరువు పెట్టండి, బ్రెడ్డు పెనానికి సమంగా ఆనుతుంది. మూత పెట్టకండి, ఆవిరి మూతకి పట్టి మీద కారుతుంది. నాలుగైదు నిమిషాలకి అట్లకాడతో అంచు ఎత్తి చూడండి, బంగారు రంగు వస్తే తిప్పి ఇంకో మూడు నిమిషాలు.

దించే ముందు చేసే చివరి పని నాకు చాలా ఇష్టం. నయాగఢ్ వైపు పుట్టిన ఛెనాపోడ తిన్న వాళ్లకి తెలుసు, సాల ఆకుల్లో చుట్టి కాల్చిన ఆ ముద్దలో అందరూ కొట్టుకునేది ముదురు గోధుమరంగు అంచు కోసమే. ఇక్కడా అదే రప్పించవచ్చు. శాండ్‌విచ్‌ని రెండు అట్లకాడలతో పట్టి నిలబెట్టి, ఛెనా కనిపించే పక్కలు నాలుగూ ఒక్కొక్కటి అర నిమిషం చొప్పున పెనానికి ఆనించండి. బయటికొచ్చిన ఛెనా, తేనె కలిసి మాడి, పెళుసుగా అంచు కడుతుంది. మా ఇంట్లో మొదట తినేది ఆ అంచే.

దించాక పళ్లెంలో పెట్టేయకండి, అడుగు చెమరుస్తుంది. జల్లెడ బోర్లించి దాని మీద రెండు నిమిషాలు ఉంచి, రంపపు పళ్ల కత్తితో మూలగా కోయండి. పక్కన అల్లం పచ్చడి ఉంటే చాలు.

బ్రీ ఎవరైనా తెచ్చిపెడితే పావుగంట ఫ్రీజర్‌లో ఉంచి కోయండి, చేతికి అంటుకోకుండా ముక్కలొస్తాయి. తెల్లటి తొక్క తినేదే, తీసేయకండి. దానికి వేరే చీజ్ స్లైసు అక్కర్లేదు, జీడిపప్పు, మిరియాలు, పండు చాలు.

టిఫిన్ బాక్సులో పెట్టాలంటే పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, అడుగున కాగితం మడిచి వేయాలి. ఎండ మండుతున్న రోజుల్లో మాత్రం నేను పంపను, ఛెనా అంతసేపు బయట ఆగదు, బడి నుంచి వచ్చాక వేడిగా చేసి పెడతాను. మిగిలిన ఛెనా ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికల్లా వాడేయండి. కాల్చిన అనాస మాత్రం మూడు రోజులు బాగుంటుంది, అందుకే నేను ఆదివారం కాయంతా ఒకేసారి కాల్చి డబ్బాలో పెట్టేసుకుంటాను.