టర్బో బూస్ట్ పెంచుతున్నారా? ముందు స్పార్క్ ప్లగ్‌ల సంగతి చూడండి

బూస్ట్ అంటే టర్బో ఇంజన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి. దాన్ని పెంచే ట్యూనింగ్‌కి బండి అప్పజెప్పే ముందే ఇవి సరిచూసుకోండి.

హీట్ రేంజ్ (ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందన్నది): ఇక్కడ తప్పితే పోయేది ప్లగ్ కాదు, పిస్టన్. ప్లగ్ కొన దాదాపు 850 డిగ్రీలు దాటితే స్పార్క్ రాకముందే పెట్రోల్ మిశ్రమం అంటుకుంటుంది. సుమారు 75–100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు కోల్డ్ ప్లగ్ (వేడిని త్వరగా వదిలేది) అన్నది ట్యూనర్ల మోటు లెక్క. ఎందుకైనా మంచిదని మూడు మెట్లు దిగకండి. కొన 450 డిగ్రీలకైనా చేరకపోతే మసి పట్టి మిస్‌ఫైర్ (మిశ్రమం సరిగా అంటుకోకపోవడం) మొదలవుతుంది.

నంబర్: ఎన్‌జీకే, డెన్సోలో హీట్ రేంజ్ అంకె పెరిగితే కోల్డ్. బాష్‌లో పూర్తిగా తిరగబడుతుంది. బ్రాండ్ మార్చేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

గ్యాప్ (స్పార్క్ దూకే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సందు): బూస్ట్ ఎక్కువైతే స్పార్క్ దూకలేదు, ఫుల్ థ్రాటిల్‌లో కారు దగ్గినట్టు కుదుపుతుంది. 0.8 మి.మీ. ఉన్నదాన్ని 0.6–0.7కి తగ్గించడం మామూలే. కొత్త డబ్బాలోవైనా ఒక్కొక్కటీ కొలవండి. ఇరీడియం కొన పెన్సిల్ ములుకంత సన్నం, గేజ్‌తో నొక్కితే విరుగుతుంది. వంచితే పక్క ఎలక్ట్రోడ్‌నే వంచాలి.

మర పొడవు: పొడవెక్కువైతే పిస్టన్‌కి తగలొచ్చు.

బిగింపు: ఇంజన్ చల్లారాక, టార్క్ రెంచ్‌తోనే. అల్యూమినియం హెడ్‌లో మర ఇట్టే చెడుతుంది.

మొదటి గట్టి పరుగయ్యాక ప్లగ్ తీసి చూడండి. తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడిలా మెరిసే చుక్కలుంటే అది కరిగిన పిస్టన్ లోహం. ఇక బండి కదపొద్దు, ట్యూనర్‌కి ఫోన్ చేయండి.